తిరగేసి కట్టిన కెమెరా

బేరం ఆడకుండా నేను కొన్న వస్తువు ఒక్కటీ లేదు. సీతాఫల్‌మండిలో మా నాన్నది కిరాణా కొట్టు, మా చిన్నాన్నది స్టీలు సామాన్ల కొట్టు, మా మేనమామది బట్టల కొట్టు. మా ఇంట్లో పిల్లలకు నడక సరిగ్గా రాకముందే తక్కెడ ఏ వైపు వాలిందో చూడటం వచ్చేది. అలా పెరిగినవాణ్ణి కాబట్టి కంప్యూటర్ల కంపెనీలో చేరిన రోజున జీతం దగ్గర కూడా బేరానికి దిగాను. మా యజమాని నాకంటే గట్టివాడు. మొదట చెప్పిన జీతానికి కూడా కొంచెం తగ్గించి, నా చేత థాంక్స్ చెప్పించుకుని మరీ ఉద్యోగం ఇచ్చాడు. ఈ రంగంలో నా తెలివి అంతగా పారదేమోనన్న అనుమానం ఆ రోజే రావలసింది. రాలేదు.

ఇప్పుడు రిటైరై ఇంట్లో కూర్చున్నాక, కొత్తగా ఉద్యోగాల్లో చేరిన పిల్లలు వచ్చి ‘మీ రోజుల్లో ఎట్లుండె అంకుల్’ అని అడుగుతుంటారు. పెద్ద పెద్ద ఆర్డర్లు ఎలా తెచ్చానో చెబుతానని వాళ్ళ ఆశ. వాటిల్లో చెప్పుకోదగ్గదేమీ లేదు. చెప్పుకోవలసింది ఒక వెబ్‌క్యామ్ సంగతి. అరచేతిలో పట్టే గుండ్రటి ప్లాస్టిక్ కెమెరా. దాన్ని పనిచేయించడానికి ఒకరు చదువు ఖర్చుపెట్టారు, నేను తెలివి ఖర్చుపెట్టాను. చదువు నిలబడింది.

అవతల మాదాపూర్ వైపు అద్దాల మేడలు లేస్తున్న రోజులవి. సికింద్రాబాద్‌లో మాకు అద్దాలూ లేవు, మేడా లేదు. స్టేషన్ నుంచి మెట్టుగూడ వెళ్ళే దారిలో, మందుల షాపు పక్కన, కింద అంతస్తులో మూడు గదులు. మేము కంప్యూటర్లు బిగించి, వాటిలో లినక్స్ వేసి నెట్ సెంటర్లకూ స్కూళ్ళకూ అమ్మేవాళ్ళం. లినక్స్ అంటే ఎవరైనా ఊరికే తెచ్చుకుని వాడుకోగల ఆపరేటింగ్ సిస్టమ్. దాని లోపలి కోడ్ కూడా తెరిచే ఉంటుంది, చేతనైనవాళ్ళు మార్చుకోవచ్చు. ఊరికే వస్తుందన్న మొదటి ముక్క నాకు వెంటనే అర్థమైంది. రెండో ముక్క విలువ తెలియడానికి ఇప్పుడు చెప్పబోయేదంతా జరగవలసి వచ్చింది.

కొనడం, అమ్మడం నా పని. కోడ్ సంగతి చూసేది విజయనగరం నుంచి వచ్చిన ఒక అమ్మాయి. నేరేడ్‌మెట్‌లో వాళ్ళ అన్నావదినల దగ్గర ఉండి రోజూ బస్సులో వచ్చేది. నన్ను ‘అన్నయ్యా’ అని పిలిచేది. తిట్టేటప్పుడు కూడా ‘అండి’ మాత్రం వదిలేది కాదు, దాంతో తిట్టు ఇంకా బాగా తగిలేది.

మూడోవాడు బల్ల దగ్గర కూర్చుని కంప్యూటర్లు బిగించేవాడు. ముప్ఫై ఏళ్ళుంటాయి. అతనికి పుట్టుకతోనే వినికిడి లేదు, మాటలన్నీ చేతులతోనే. తెలుగు బాగా చదివేవాడు, రాసేవాడు. ఆ అమ్మాయి మధ్యాహ్నం అన్నాల దగ్గర అతనితో కూర్చుని కూర్చుని చేతుల భాష చాలావరకు నేర్చుకుంది. నాకు వచ్చినవి నాలుగే: టీ, ఎక్కువ, తక్కువ, రేపు. కొట్టు నడపడానికి ఇంతకంటే అక్కర్లేదనుకునేవాణ్ణి. నేను ఫోన్‌లో ఎవరితోనైనా బేరమాడుతుంటే, వినపడకపోయినా నా మొహం చూసి అతను బల్ల దగ్గరి నుంచి ‘ఎక్కువ’, ‘తక్కువ’ అని చేతులతో నన్ను ఆడించేవాడు. తొంభై పాళ్ళు సరిగ్గానే చెప్పేవాడు.

అతని భార్యకూ వినికిడి లేదు. ఆమె పుట్టిల్లు విజయనగరం దగ్గర. తొలి కాన్పు కాబట్టి పుట్టింటికి వెళ్ళింది, ఆడపిల్ల పుట్టింది. ఇతను రైలు టికెట్ తీసుకున్నాడు, కొత్త చొక్కా కుట్టించుకున్నాడు, ప్రయాణం రోజున ఇంటి మెట్ల మీద తడి చూసుకోక జారిపడ్డాడు. తొడ దాకా కట్టు. ఆ కాలుతో రాత్రంతా రైల్లో వెళ్ళడం కుదరదని డాక్టరు ఖాయంగా చెప్పేశాడు.

మిగతావాళ్ళయితే ఫోన్‌లో పలకరించుకుంటారు. బిడ్డ ఏడుపు వినిపించమంటారు. వీళ్ళిద్దరికీ ఫోన్ ఎందుకు పనికొస్తుంది? బావమరిది సెల్లు నుంచి రెండు రోజులకోసారి ‘పాప బాగుంది, పాలు తాగింది’ అని మెసేజ్ వచ్చేది. దాన్నే మళ్ళీ మళ్ళీ చదువుకునేవాడు. ఇంట్లో ఒక్కడే కూర్చోలేక ఆటోలో ఆఫీసుకు వచ్చి, కాలు స్టూలు మీద చాపుకుని పని చేసేవాడు.

ఒక రోజు వచ్చిన మెసేజ్ మా ఇద్దరికీ చూపించాడు. ఇరవై ఒకటో రోజున బారసాల పెట్టారట. పళ్ళెంలో బియ్యం పోసి, అందులో ఉంగరంతో తండ్రి బిడ్డ పేరు రాయాలి కదా. మంచిరోజు మళ్ళీ ఇప్పట్లో లేదు, తండ్రి రాలేడు కాబట్టి మేనమామ చేత రాయించేస్తామని అత్తగారి మాట. బావమరిది పాపం మంచివాడు, ‘మీకు ఇష్టమేనా బావా?’ అని అడిగాడు.

అతను జవాబు సెల్లులో కొట్టలేదు. నా బల్ల మీదున్న కొటేషన్ కాగితం వెనక పెద్ద అక్షరాలతో రాసి మా ముందు పెట్టాడు: ‘నా కూతురి పేరు నేనే రాస్తాను.’

ఆ అమ్మాయి వెంటనే అంది. “వెబ్‌క్యామ్‌లో రాస్తే? ఇక్కడ రాసింది అక్కడ చూస్తారు కదా.”

బావమరిది ఇంట్లో కంప్యూటర్ ఉంది, కొత్తగా బ్రాడ్‌బ్యాండ్ కూడా పెట్టించుకున్నాడు. అత్తగారు మొదట ఒప్పుకోలేదు. చివరికి ఒక షరతు పెట్టింది. అల్లుడు రాయడం తన కళ్ళకు స్పష్టంగా కనిపించాలి. అతను ఇక్కడ రాసింది చూసి, అక్కడ బిడ్డను ఒళ్ళో పెట్టుకున్న తల్లి బియ్యంలో అదే రాస్తుంది. ముహూర్తం టైముకు బొమ్మ రాకపోతే మాత్రం మేనమామే రాస్తాడు. ఇక మాట్లాడేది లేదు.

చుట్టుపక్కల నెట్ సెంటర్లన్నీ మేడల మీద ఇరుకు గదుల్లో ఉండేవి. ఆ కాలుతో ఎక్కలేడు. కాబట్టి మా ఆఫీసులోనే, మా లినక్స్ మీదే జరగాలి. చిక్కేమిటంటే, అప్పటికి మా దగ్గర లినక్స్‌లో నడిచిన వెబ్‌క్యామ్ ఒక్కటీ లేదు. అయినా నెట్ సెంటర్ల ఆసామి ఒకాయన ‘వెబ్‌క్యామ్ నడుస్తదా?’ అని అడిగితే, ఎవర్నీ కనుక్కోకుండా ‘మస్తుగ నడుస్తది’ అని నేను అదివరకే మాటిచ్చి ఉన్నాను. ఒక్క దెబ్బకు రెండు పనులు అయిపోతాయని సంతోషంగా పార్క్‌లేన్‌కు బయల్దేరాను.

పార్క్‌లేన్‌లో కంప్యూటర్ సామాన్లు అమ్మే సేఠ్ ఒకడు ఉండేవాడు. కొట్టు తెరిచి అగరుబత్తి వెలిగిస్తున్నాడు.

“పొద్దుగాల్నే నిన్ను చూసిన. ఇయ్యాల నా బోణీ ఏమైతదో” అన్నాడు.

“మంచిగైతది. డబ్బా మొత్తం నేనే తీస్కుంట. రేటు చెప్పు.”

చెప్పాడు. నేను లేచి చెప్పులేసుకున్నాను. ఈ విద్య మా నాన్న నేర్పింది. చెప్పులేసుకుని, గుమ్మం దాటకుండా, రోడ్డు వైపు చూస్తూ నిలబడాలి.

“అరె భాయ్, గట్ల పోతవేంది! కూసో. పేరున్న కంపెనీ మాల్ గా రేటుకు రాదు. గీ డబ్బా తీస్కపో. చూసెటందుకు సేమ్ టు సేమ్. కానీ ఒక్క మాట, వాపస్ లేదు. తర్వాత నన్ను పరేషాన్ చెయ్యొద్దు.”

“వాపస్ ఎవరడిగిన్రు? ఇంక జెర తగ్గియ్యి.”

తగ్గించాడు. చాలా సులువుగా తగ్గించాడు. మా నాన్న నేర్పిన విద్యలో రెండో సగం నేను మర్చిపోయాను: సులువుగా తగ్గించాడంటే సరుకు చేత్తో తిప్పి చూసుకోవాలి.

డబ్బా తెచ్చి గర్వంగా బల్ల మీద పెట్టాను. ఆ అమ్మాయి ఒక కెమెరా తగిలించింది. తెర నల్లగా ఉంది. ఇంకోటి తగిలించింది. నలుపే. నాలుగోదో ఐదోదో తగిలించాక కుర్చీ నా వైపు తిప్పింది.

“ఏటన్నయ్యా ఇది? ఎక్కడ తెచ్చీసారండి?”

“ఎందుకమ్మా, మంచిగనే ఉంది గదా? గాజు తళతళ మెరుస్తుంది.”

“గాజు సంగతి కాదండి. పైన ప్లాస్టిక్కు ఒక్కటే, పెట్టి మీద బొమ్మ ఒక్కటే. లోపల చిప్పులు మాత్రం వేరే వేరేవి. చేతికి దొరికిన చిప్పు దాన్లో పెట్టీసి అమ్మీసారు. దేనికి ఏ డ్రైవర్ వెయ్యాలో ఎలాగ తెలుస్తాదండి?”

డ్రైవర్ అంటే కొత్తవాళ్ళకు ఒక్క మాటలో చెబుతాను. కెమెరా మాట్లాడేది కంప్యూటర్‌కు అర్థం కాదు, మధ్యలో ఒక దుబాసీ కావాలి. ఆ దుబాసీ పని చేసే ప్రోగ్రామే డ్రైవర్. చిప్ మారితే దుబాసీ మారాలి. విండోస్‌కైతే పెట్టెలోనే ఒక సీడీ ఇచ్చేవాళ్ళు. లినక్స్‌కు ఎవరూ ఏమీ ఇచ్చేవాళ్ళు కాదు. ఎక్కడో దూరదేశంలో ఎవరో ఒకాయన తీరిక వేళల్లో ఇలాంటి చవక కెమెరాలకోసం డ్రైవర్ రాసి అందరికీ వదిలిపెట్టాడని ఆ అమ్మాయి వెతికి పట్టుకుంది. దబాయించి తగ్గించుకోవడానికి అక్కడ ధరే లేదు. నాకు కాస్త వెలితిగా అనిపించిన మాట నిజం.

డబ్బాలోంచి ఒకదాన్ని ఆ డ్రైవర్ గుర్తుపట్టింది. మొదట తెరంతా ఆకుపచ్చగా వచ్చింది. ఆ అమ్మాయి కోడ్‌లో ఏదో మార్చింది, ఊదారంగు వచ్చింది. మూడో నాటికి మనిషి రంగు వచ్చింది. మా వాడు బల్ల దగ్గరి నుంచి చప్పట్లు కొట్టాడు. చేతులు పైకెత్తి వేళ్ళు ఆడించడం వాళ్ళ చప్పట్లు. నేనూ అలాగే ఆడించాను. అప్పుడు తెర వైపు సరిగ్గా చూశాం. ముగ్గురమూ తలకిందులుగా వేలాడుతున్నాం.

“బొమ్మలో వరసలు కింద నుంచి పైకి వచ్చీస్తున్నాయండి” అంది ఆ అమ్మాయి. “కోడ్‌లో వరసలు తిరగెయ్యాలి. రేపు మధ్యాహ్నం కూర్చుంటాను.”

“రేపెందుకమ్మా? గింత చిన్న పనికి?” అన్నాను. కెమెరా తీసి, తలకిందులు చేసి, మానిటర్ మీద పురికొసతో కట్టేశాను. మా కొట్టులో పొట్లాలు కట్టే ముడి, ఊడదు. తెర మీద ముగ్గురం కాళ్ళు కింద, తలలు పైన, శుభ్రంగా నిలబడ్డాం.

ఆ అమ్మాయి ముక్కు మీద వేలు పెట్టుకుని చూసింది. “ఇలాగ బాగోదండి. పనంటే లోపల్నుంచి చెయ్యాలి.”

“లోపల్నుంచి చేస్తే ఏమొస్తది, బయట్నుంచి చేస్తే ఏం పోతది? బొమ్మ కనిపిస్తుందా లేదా? నువ్వు గా నెట్ సెంటర్ల పని చూస్కో తల్లీ. గీ బారసాల పని నాకిడిచిపెట్టు.”

మనుషులతో బేరమాడినట్టే బొమ్మతోనూ ఆడాననుకున్నాను. ఆమెకు నిజంగానే వేరే పని చాలా ఉంది. సరేనంది.

బారసాలకు ముందురోజు పరీక్ష పెట్టాం. నేను ఇంకో తెలివి చూపించాను. మా వాడి వెనక గోడ నిండా రేట్ల పోస్టర్లు, ఆఫర్ల కాగితాలు. అత్తవారికి బాగుండదని ఇంటి నుంచి ఉతికిన తెల్లటి దుప్పటి తెచ్చి గోడకు అడ్డం కట్టాను. ఆ పోస్టర్లను అలాగే ఉంచితే మర్నాటి గొడవ ముందురోజే బయటపడేది.

లైన్ కలిసింది. ముందు బావమరిది మొహం, తర్వాత అతని భార్య. మా వాడు కనిపించగానే ఆమె చేతులు ఒక్కసారిగా లేచాయి. ఇంత కాలం ఆగిపోయిన మాటలన్నీ ఒకేసారి వచ్చేసినట్టున్నాయి. నాకు ఒక్కటీ అర్థం కాలేదు, కానీ ఆ తొందర అర్థమైంది. మధ్యలో ఆమె ఎడమ చెయ్యి పైకెత్తి, ఇతని వైపు వేలు చూపించి ఏదో అడిగింది. ఇతను నవ్వాడు. తల అడ్డంగా ఆడించాడు.

“ఏమంటుంది?” అన్నాను.

“ఎడం చేతివాటం ఎప్పట్నుంచి అని అడుగుతున్నాదండి. వేళాకోళం కాబోలు.”

మొగుడూ పెళ్ళాల వేళాకోళం మనకెందుకులెమ్మని నేను టీ చెప్పడానికి వెళ్ళాను. ఆ రోజు పాప నిద్రపోతోంది, చూపించలేదు. రేపు పేరు పెట్టాకే తండ్రికి చూపిస్తామని అత్తగారి పట్టు.

మర్నాడు ఆదివారం. ఆఫీసు కడిగించి బల్ల మీద పీట వేశాం. మా కొట్టు నుంచి బియ్యం నేనే తెచ్చాను, నూక లేకుండా ఏరించి మరీ. మా వాడు పంచె కట్టుకుని, కొత్త చొక్కా వేసుకుని, కట్టు కట్టిన కాలు స్టూలు మీద పెట్టుకుని కూర్చున్నాడు. వేలికి పెళ్ళినాటి ఉంగరం. ఆ అమ్మాయి అతని నుదుట బొట్టు పెట్టింది. అటు వైపు పంతులు గారి గొంతు, పిల్లల గోల, వంటింట్లో గిన్నెల చప్పుడు, అన్నీ స్పీకర్లో వినిపిస్తున్నాయి. ఇతనికి మాత్రం అవేవీ లేవు. కళ్ళు తెర మీద, భార్య ఒళ్ళో ఉన్న గుడ్డల మూట మీద. మొహం ఇంకా కనిపించడం లేదు.

ఆ ఉదయం లైన్ అస్తమానం తెగిపోతోంది. కలవడం, తెగడం, మళ్ళీ కలవడం. ముహూర్తం దగ్గర పడ్డాక చివరికి నిలబడింది. పంతులు గారు ‘కానివ్వండి’ అన్నారు. ఆ అమ్మాయి మా వాడి భుజం తట్టి సైగ చేసింది. అతను ఉంగరం కళ్ళకద్దుకుని, బియ్యంలో ఆనించి మొదటి అక్షరం రాయడం షురూ చేశాడు.

స్పీకర్లో ముసలావిడ కేక.

“ఆపండి, ఆపండి! ఏటీ అనాచారం? పసిబిడ్డ పేరు ఎడం సేత్తోటి రాత్తన్నాడేటి అల్లుడు?”

నేను అతని చెయ్యి చూశాను. కుడి చెయ్యే. మళ్ళీ చూశాను. కుడి చెయ్యే.

“అమ్మా, నువ్వుండవే ఒకపాలి” అంటున్నాడు బావమరిది. “బావా... అక్షరం కూడా తిరగబడిపోనాది. ఏదీ పోల్చుకోలేకపోతన్నాం.”

“కాలు ఇరిగినోడికి సెయ్యి కూడా తేడాగొచ్చిందా? ఎడం సేత్తో పేరెడితే బిడ్డకి అచ్చొత్తాదా? ఒరే, నువ్వు రారా, నువ్వు కూకో. నువ్వే రాసీ.”

మా వాడికి కేకలు వినపడవు. కానీ తెర మీద భార్య మొహం చూశాడు. ఆమె చెయ్యెత్తి ఆగమంది. అతని వేలు బియ్యంలోనే ఆగిపోయింది. మా ఇద్దరి వైపు చూశాడు. ఆ చూపు నేను మర్చిపోలేదు. అందులో కోపం లేదు. ఏం జరుగుతోందో తనకు చివర చెబుతారన్న అలవాటు ఉంది.

ఆ అమ్మాయి పురికొస వైపు చూసింది. తర్వాత నా వైపు.

“తిరగేసి కట్టారు కదండీ” అంది మెల్లగా. “డ్రైవర్ పైకిందులు ఒక్కటే తిరగేస్తాది. మీరు కెమెరా మొత్తం తిప్పీసారు. పైకిందులు సరైపోయింది, కుడి ఎడమలు మారిపోయాయి. నిన్న ఆవిడ అడిగింది వేళాకోళం కాదండి.”

మా తెర మూలలో మాకు కనిపించే చిన్న బొమ్మలో మేము అద్దంలో చూసుకున్నట్టే ఉన్నాం. మనిషికి తన మొహం అద్దంలో చూడటమే అలవాటు. అందుకే ముగ్గురిలో ఒక్కరికీ తేడా తెలియలేదు. అటు చూసేవాళ్ళకు మాత్రం కుడి చెయ్యి ఎడమ చెయ్యి.

“ఇప్పుడు మార్చలేవామ్మా?”

“మార్చీవచ్చు. కెమెరా ఆపాలి. ఆపితే కాల్ పోతాది. మళ్ళీ వాళ్ళ లైన్ దొరుకుతాదని నాకు నమ్మకం లేదండి.”

అటు బావమరిదిని పీట మీద కూర్చోబెట్టేస్తున్నారు. అతను కూర్చోకుండా నసుగుతున్నాడు. ఎంతసేపు నసగగలడు?

అప్పుడు నాకు మా మేనమామ బట్టల కొట్టు గుర్తొచ్చింది. అక్కడ మూలలో రెండు నిలువుటద్దాలు ఒకదానికొకటి ఆనించి ఉండేవి. ఆడవాళ్ళు చీర భుజాన వేసుకుని ఒక్క అద్దంలో చూసుకుంటే పైట తప్పు భుజం మీద కనిపించేది. మూలలో నిలబడితే ఒక అద్దం తిప్పిన దాన్ని రెండోది మళ్ళీ తిప్పి, నలుగురికీ ఎలా కనిపిస్తారో అలాగే కనిపించేవాళ్ళు. మా మేనమామ ఆ మూలనే సగం చీరలు అమ్మాడు.

మా కెమెరా ఒకసారి తిప్పింది. ఇంకోసారి తిప్పేది కావాలి.

బాత్రూమ్‌లోకి పరిగెత్తి గోడకున్న అద్దం మేకుతో సహా పీకి తెచ్చాను. పురికొస వదులు చేసి కెమెరాను పక్కకు తిప్పాను. దాని ఎదురుగా అద్దం ఏటవాలుగా పట్టుకున్నాను, మా వాడూ, పీటా, బియ్యమూ అందులో పడేటట్టు. అద్దం కెమెరాకు దగ్గరగా ఉండాలంటే నేను తెరకు వీపు పెట్టి, పక్క గోడ వైపు తిరిగి, రెండు చేతులూ ఎత్తి నిలబడాలి. నిలబడ్డాను.

“కొంచెం ఇటండీ... అబ్బ, అంత కాదు... ఆ, అలాగే. కదలకండి. ఊపిరి కూడా మెల్లగా తియ్యండి” అని నడిపించింది ఆ అమ్మాయి.

స్పీకర్లో అందరూ తెర దగ్గరికి జరిగిన చప్పుడు.

“అమ్మా, సూడు. కుడి సెయ్యే” అన్నాడు బావమరిది.

“ఇందాకల ఎడం సెయ్యి కదా?”

“కెమెరా తిరగబడిందత్తా” అంది ఆ అమ్మాయి వాళ్ళ ఊరి యాసలోకి దిగిపోయి. “మా ఆఫీసులో ఒకాయన తిరగేసి కట్టీసేడు. అల్లుడు గారిది కుడి చెయ్యే. నాది పూచీ.”

“ఆ ఒకాయన ఎవులో గాని, ఆడి సేతులిరగ్గొట్టాల” అంది ముసలావిడ. ఆ చేతులు అప్పటికే విరిగేటట్టు నొప్పెడుతున్నాయి. ఆవిడే మళ్ళీ అంది. “సర్లే, కానీయండి. ఆ మూల ఎర్ర సుక్కలేటి?”

బాత్రూమ్ అద్దం అంచున ఆ అమ్మాయి రోజూ తీసి అంటించే బొట్టుబిళ్ళలు. కెమెరాలో అవి మా వాడి తల పక్కన వరసగా కనిపిస్తున్నాయట.

“కుంకం బొట్లు అత్తా” అంది తడుముకోకుండా.

“మంచిది, మంచిది” అంది ముసలావిడ, మొట్టమొదటిసారి మెత్తగా.

నేను గోడ చూస్తూనే ఉన్నాను. దుప్పటి కట్టని ఆ పక్క గోడ మీద నేనే అంటించిన పోస్టర్ ఒకటి మిగిలిపోయింది. ‘మా దగ్గర కొంటే మళ్ళీ చూసుకోనక్కర్లేదు’ అని రాసి ఉంది దానిమీద. ఆ తెలుగు కూడా నాదే. నా వెనక ఉంగరం బియ్యంలో గీసుకుంటున్న సన్నటి చప్పుడు. ఒక అక్షరం, ఆగడం, ఇంకో అక్షరం. అటు వైపు అదే అక్షరాన్ని తల్లి రాస్తోందని ఆ అమ్మాయి నాకు మెల్లగా చెబుతోంది. పంతులు గారు మంత్రం అందుకున్నారు. ఎవరో కంచం మీద గరిటెతో వాయించారు. అందరూ ఆ పేరు గట్టిగా పిలిచారు. ఆ పేరు ఇక్కడ రాయను, అది వాళ్ళది.

“పాపను చూపిస్తున్నారండి” అంది ఆ అమ్మాయి. “గుడ్డ తీసేరు. ఎంత జుట్టో! కళ్ళు తెరిచే ఉందండి.”

నేను మెడ తిప్పబోయాను. అద్దం కదిలింది. “కదలకండి!” అని ముగ్గురు నలుగురు ఒకేసారి అరిచారు, అటు వాళ్ళతో సహా. మళ్ళీ పోస్టర్ చదువుకున్నాను.

ఆ తర్వాతి సంగతులు తొందరగా చెప్పేస్తాను. సోమవారం ఆ అమ్మాయి డ్రైవర్ తెరిచి వరసలు తిరగేసింది. మొత్తం కలిపి ఓ నాలుగు పంక్తుల కోడ్. ఆ మార్పును దూరదేశపు ఆసామికి పంపిస్తే అతను కలుపుకుని థాంక్స్ చెప్పాడు. డబ్బాలో మిగిలిన కెమెరాలకు కూడా చిప్‌ను బట్టి ఒక్కోదాన్ని ఓపిగ్గా దారికి తెచ్చింది. నెట్ సెంటర్ల ఆర్డర్ నిలబడింది. కొన్ని కెమెరాలు మాత్రం ఏ దుబాసీకీ లొంగలేదు. వాటిని సేఠ్ దగ్గరికి తీసుకెళ్ళాను. చెప్పులేసుకుని నిలబడ్డాను కూడా. సేఠ్ నాకు టీ తెప్పించి, తన చెప్పులు తనూ వేసుకుని నా పక్కన నిలబడి రోడ్డు చూశాడు. అప్పటి నుంచి నేను కొన్న ఏ సరుకైనా ముందు ఆ అమ్మాయి బల్ల మీదికి వెళ్ళేది, తర్వాతే బిల్లు. లోపల్నుంచి చెయ్యవలసిన పనిని బయట్నుంచి చేస్తానని నేను మళ్ళీ అనలేదు. అనాలనిపించినప్పుడల్లా ఆమె పురికొస వైపు చూసేది. ఆ ముక్కను బల్లకు కట్టి ఉంచుకుంది.

కానీ ఆ ఆదివారం అంతటితో అయిపోలేదు. పేరు పెట్టడం అయ్యాక అటు వాళ్ళు ఒక్కొక్కరే లేచి భోజనాలకు వెళ్ళారు. తెర మీద అతని భార్యా, పాపా మిగిలారు. ఇద్దరూ చేతులతో మాట్లాడుకుంటున్నారని నాకు తెలుస్తూనే ఉంది. చొక్కా చేతుల రెపరెప వినిపిస్తోంది. అద్దం దించితే ఆమెకు ఇతని చేతులు కనిపించవు, మాట తెగిపోతుంది. అందుకని దించలేదు. భుజాలు మొద్దుబారిపోయాయి.

ఉన్నట్టుండి ఆ రెపరెప ఆగింది. కుర్చీ జరిగిన చప్పుడయింది. ఒంటికాలి మీద గెంతుతూ వచ్చి అతను నా మోచెయ్యి పట్టుకున్నాడు. నా చేతుల్లోంచి అద్దం తీసుకున్నాడు. కెమెరాకు ఎదురుగా, నేను పట్టుకున్న వాలులోనే, రెండు చేతులతో పట్టుకుని గోడకు ఆనుకుని నిలబడ్డాడు. గడ్డంతో నన్ను తెర వైపు చూడమన్నాడు.

అతని మాటంతా ఆ రెండు చేతుల్లోనే ఉంది. ఆ రెండింటినీ అద్దానికి ఇచ్చేసి, తన కూతుర్ని నాకు చూపించడానికి మాట్లాడకుండా నిలబడ్డాడు. నేను తిరిగి చూశాను. అద్దంలో నా మొహం పడి ఉంటుంది, అటు ఆమె నవ్వి పాప కుడి చెయ్యి పట్టుకుని నా వైపు ఊపింది. కుడి చెయ్యే. నేను సరిచూసుకున్నాను.

నాకు వచ్చిన నాలుగు సైగల్లో ఏది చెయ్యాలో తోచలేదు. చివరికి రెండు చేతులూ పైకెత్తి వేళ్ళు ఆడించాను.